పొదపొదకూ ఓ పేరున్న ఊరు.. వైట్స్‌బాగ్

న్యూజెర్సీలో ప్రతి కారు నంబర్ ప్లేటు మీదా 'గార్డెన్ స్టేట్' అని రాసి ఉంటుంది. ఇక్కడికి కొత్తగా వచ్చిన మనవాళ్లు అడిగే మొదటి ప్రశ్న.. ఇంతకీ గార్డెన్ ఎక్కడ? ఎడిసన్‌లో ఓక్ ట్రీ రోడ్డు, టర్న్‌పైక్ పక్కన వరసగా గోదాములు, బ్రిడ్జ్‌వాటర్ వెంకటేశ్వరస్వామి గుడి. మన వీకెండ్లన్నీ వీటి మధ్యే గడిచిపోతాయి. గార్డెన్ చూడాలంటే మాత్రం దక్షిణం వైపు గంటకు పైగా డ్రైవ్ చేయాలి. పైన్ చెట్ల అడవి మధ్యలో వైట్స్‌బాగ్ అని చిన్న ఊరు వస్తుంది. ఊరంటే ఊరు కూడా కాదు. ఒకప్పటి తోట, దాని చుట్టూ పనివాళ్ల చెక్క ఇళ్లు, ఒక పాత కిరాణా కొట్టు.

ఇప్పుడు హైదరాబాద్‌లో కూడా బ్లూబెర్రీలు స్మూతీల్లో, కేకుల్లో, చిన్న ప్లాస్టిక్ డబ్బాల్లో దొరుకుతున్నాయి కదా. ఆ పండు అడవిలోంచి తోటలోకి నడిచొచ్చింది ఈ ఊళ్లోనే. దాన్ని చేయిపట్టి తీసుకొచ్చిన మనిషి పేరు ఎలిజబెత్ కోల్‌మన్ వైట్. పెళ్లి చేసుకోలేదు. యూనివర్సిటీ సైంటిస్టు కాదు. ఆమె ఈ పని మొదలుపెట్టిన నాటికి ఈ రాష్ట్రంలో ఆడవాళ్లకు ఓటు హక్కు కూడా లేదు.

జూన్ చివర్లో ఒక శనివారం అమ్మను తీసుకుని అక్కడికి వెళ్లాను. అమ్మ విజిటర్ వీసా మీద వచ్చి నెల రోజులైంది. నల్గొండ జిల్లాలో మాకు నాలుగెకరాల బత్తాయి తోట ఉంది. అమ్మకు టైమ్స్ స్క్వేర్ చూపిస్తే "ఇన్ని లైట్లకు కరెంటు బిల్లు ఎంతొస్తదే?" అని ఒక్క మాట అని ఊరుకుంది. తోట చూద్దాం పద అంటే మాత్రం పొద్దున్నే ఆరింటికల్లా పులిహోర డబ్బా కట్టి రెడీ అయిపోయింది.

ఇసుక నేల.. టీ రంగు నీళ్లు

ఈ అడవిని పైన్ బారెన్స్ అంటారు. బారెన్ అంటే బంజరు. వలస వచ్చిన యూరప్ రైతులు గోధుమ లాంటి పంటలు వేసి చూసి, ఏదీ సరిగా పండక పెట్టిన పేరది. కారు దిగితే కాలి కింద పంచదార లాంటి తెల్లటి ఇసుక. పక్కన కాలువలో నీళ్లు డికాక్షన్ రంగులో ఉంటాయి. మురికి కాదు. దేవదారు జాతి చెట్ల నుంచి దిగే టానిన్లు, నేలలోని ఇనుము కలిసి ఆ రంగు వస్తుంది. నేల బాగా ఆమ్ల గుణం ఉన్నది. 1978లో అమెరికా ప్రభుత్వం ఇక్కడ 11 లక్షల ఎకరాల వరకు నేషనల్ రిజర్వ్‌గా ప్రకటించింది కాబట్టి అడవి ఇంకా అడవిలాగే ఉంది.

అమ్మ కిందికి వంగి గుప్పెడు ఇసుక తీసుకుంది. వేళ్ల సందుల్లోంచి జారవిడుస్తూ "దీంట్ల జొన్న గూడ రాదు బిడ్డా" అంది.

నిజమే. ఈ నేల ఒప్పుకునే పంటలు తక్కువ. నీళ్లు నిలిచే బాడవల్లో క్రాన్‌బెర్రీ అనే పుల్లటి ఎర్రపండు మాత్రం బాగా వస్తుంది. ఎలిజబెత్ వాళ్ల తాత 1857లో ఇక్కడ క్రాన్‌బెర్రీ మొదలుపెట్టాడు. తండ్రి జోసెఫ్ వైట్ హయాంలో అది రాష్ట్రంలోని పెద్ద క్రాన్‌బెర్రీ తోటల్లో ఒకటైంది. 1871లో పుట్టిన ఎలిజబెత్ నలుగురు అక్కచెల్లెళ్లలో పెద్దది. ఫిలడెల్ఫియాలో స్కూలు చదువు ముగించి తోటకే వచ్చేసింది. పండ్లు కోసేవాళ్ల లెక్కలు చూడటం, పనులు పురమాయించడం.. ఇవే ఆమె తొలి ఉద్యోగం.

క్రాన్‌బెర్రీ కోత సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో. మరి జూన్, జులైలో? చేతిలో అంతే ఆమ్లం ఉన్న ఖాళీ నేల ఉంది, చుట్టూ అడవిలో అదే సీజన్‌లో కాసే బ్లూబెర్రీ పొదలు ఉన్నాయి. ఆ పండును తోటలో పెంచగలిగితే చాలు. కానీ ఎవరి వల్లా కాలేదు. అడవి పొదను తవ్వుకొచ్చి, మంచి ఎరువేసిన సారవంతమైన మడిలో నాటితే నాలుగు రోజుల్లో వాడిపోయేది. బ్లూబెర్రీ పెంపకానికి లొంగదని అందరూ ఒప్పేసుకున్నారు.

ఫ్రెడరిక్ కోవిల్ అనే వృక్షశాస్త్రవేత్త మాత్రం ఒప్పుకోలేదు. అమెరికా వ్యవసాయ శాఖలో పనిచేసే ఆయన కొన్నేళ్లు ప్రయోగాలు చేసి 1910లో ఒక బులెటిన్ వేశాడు. అందులో తేల్చింది ఇదీ: బ్లూబెర్రీకి మనం మంచి నేల అనుకునేదే విషం. దానికి ఆమ్ల నేల కావాలి. 1911లో ఆ బులెటిన్ ఎలిజబెత్ చేతికి వచ్చింది. అప్పటికి ఆమెకు 40 దగ్గర. చదివిన వెంటనే కోవిల్‌కు ఉత్తరం రాసింది. మా దగ్గర నేల ఉంది, మనుషులున్నారు, మీ ప్రయోగాలు ఇక్కడ చేయండి అన్నది దాని సారాంశం. తండ్రీ సరేనన్నాడు. ఇలా ఒక సైంటిస్టు, ఒక రైతు పార్ట్‌నర్లయ్యారు.

రంధ్రంలోంచి జారిపోని పండు

కోవిల్‌కు శాస్త్రం తెలుసు. కానీ ఈ అడవిలో ఏ పొద మంచిదో ఆయనకు తెలియదు. అది తెలిసినవాళ్లు అడవిలోనే ఉన్నారు. ఏటా వేసవిలో బ్లూబెర్రీలు ఏరి అమ్ముకుని బతికే పేదవాళ్లు. బయటివాళ్లు వాళ్లను 'పైనీలు' అని ఎగతాళిగా పిలిచేవాళ్లు. చదువు లేదని, బుద్ధి లేదని ఆ రోజుల్లో వాళ్ల మీద రిపోర్టులు కూడా వచ్చాయి. ఎలిజబెత్ మాత్రం వాళ్లనే నిపుణులుగా పెట్టుకుంది.

ఆమె చేసిన ఏర్పాటు చూస్తే, సాఫ్ట్‌వేర్‌లో పనిచేసే నాకు ముచ్చటేసింది. వెతకడానికి వెళ్లే ప్రతి మనిషికీ ఒక కొలత రేకు. దానికి 5/8 అంగుళం, అంటే దాదాపు 16 మిల్లీమీటర్ల రంధ్రం. పొదలో పెద్ద పండ్లు ఆ రంధ్రంలోంచి జారిపోతే ఆ పొద వద్దు. జారకుండా ఆగితేనే దాన్ని గుర్తు పెట్టుకోవాలి. శాంపిల్ పండ్లు వేయడానికి మందు పోసిన సీసాలు, పొదకు కట్టడానికి చీటీలు. పండు సైజును బట్టి పొదకింత అని డబ్బు. ఆ తర్వాత పొద దగ్గరికి దారి చూపిస్తే ఆ టైముకూ డబ్బు. ఎవరికీ అనుమానం రాని స్పెసిఫికేషన్, అందరికీ ఒకటే టెస్టు.

పండు సైజు ఒక్కటే చూసి ఊరుకోలేదు. రుచి, పండే సమయం, చలికి తట్టుకోవడం, అంటు కడితే వేరు పోసుకోవడం.. అన్నీ చూసింది. వందకు పైగా పొదలు అడవి నుంచి వైట్స్‌బాగ్‌కు వచ్చాయి. చివరికి నిలబడినవి కొన్నే.

ఈ రేకు సంగతి చెబుతుంటే అమ్మ ఆగిపోయింది. "ఆ రేకు ఎవరి చేతుల ఉండె?" అని అడిగింది.

ఆ ప్రశ్న వెనక ఉన్నది నాకు తెలుసు. మా తోటకు వచ్చే బేరగాడికి రేకూ లేదు, రంధ్రమూ లేదు. కంటితో చూసి "సైజు లేదమ్మా" అంటాడు. టన్నుకు ఇంత అని తరుగు తీస్తాడు. నాయిన బయట ఉంటే ఆ రోజు తరుగు ఇంకాస్త పెరుగుతుంది. ఆడమనిషి ఒక్కతే ఉంది కదా! కొలత ఎవరి చేతిలో ఉంటే ధర వాళ్ల చేతిలో ఉంటుంది. వైట్స్‌బాగ్‌లో ఆ కొలత ఎలిజబెత్ చేతిలో ఉంది. అందరికంటే ముందు తను చేసిన పని అదే.

"గట్ల కొలిస్తే మన బాయికాడి చెట్టు గెలుస్తది" అంది అమ్మ. మా బావి దగ్గర మూడో వరసలో ఒక బత్తాయి చెట్టు ఉంది. కాయ పెద్దది, తొక్క పలుచన, కత్తెర పంటలో కూడా నిండుగా కాస్తుంది. చుట్టుపక్కలవాళ్లు అంటుకోసం కొమ్మలు అడిగి తీసుకెళ్తారు. దాన్ని గుర్తుపట్టింది అమ్మే.

పేర్లు ఎవరివి?

వైట్స్‌బాగ్ కథలో నాకు బాగా నచ్చింది పేర్ల సంగతి. ఏ పొదను ఎవరు కనిపెడితే ఆ పొదకు వాళ్ల పేరే పెట్టింది ఎలిజబెత్. హార్డింగ్, ఆడమ్స్, గ్రోవర్.. ఇవన్నీ అడవి మనుషుల పేర్లు. శామ్ లెమన్ అనే అతను కనిపెట్టిన పొదకు ఇంటి పేరు పెడితే నిమ్మకాయ బ్లూబెర్రీ అయిపోతుంది. అందుకని దాన్ని 'శామ్'తో సరిపెట్టింది. రూబ్ లీక్ అనే ఇంకొకతని విషయంలో పెద్ద చిక్కే వచ్చింది. రూబ్ అంటే ఇంగ్లిష్‌లో పల్లెటూరి బైతు అనే అర్థం ఉంది, లీక్ అంటే ఉల్లికాడ లాంటి కూర. రెండూ పండుకు పనికిరావు. రూబ్‌కు లీక్‌లోని మొదటి అక్షరం తగిలించి 'రూబెల్' చేసింది.

ఆ రూబెల్ మామూలు పొద కాదు. దాన్ని గ్రోవర్‌తో కలిపి కోవిల్ తయారుచేసిన 'జెర్సీ' రకం 1928లో వచ్చింది. జెర్సీ వంశంలోంచి 1952లో 'బ్లూక్రాప్' వచ్చింది. ఇవాళ ప్రపంచంలో బ్లూబెర్రీ పెంచే చాలా దేశాల్లో బ్లూక్రాప్ కనిపిస్తుంది. అంటే చదువు లేదని లోకం వెక్కిరించిన ఒక అడవి మనిషి పేరు ఆ పండ్ల వంశవృక్షంలో ఇప్పటికీ ఉంది.

1916లో వైట్స్‌బాగ్ నుంచి తోట బ్లూబెర్రీ తొలి పంట మార్కెట్‌కు వెళ్లింది. పండించడంతో పని అయిపోలేదు. చాక్లెట్ డబ్బాల మీద చుట్టే సెల్లోఫేన్ కాగితం చూసి, బ్లూబెర్రీ బుట్టల మీద కూడా అది కప్పించింది ఎలిజబెత్. కొనేవాళ్లకు పండు కనిపించాలి, కానీ చేతులు పడకూడదు. మనం కొనే పారదర్శకమైన డబ్బాకు మూలం ఆ ఆలోచనే. 1927లో న్యూజెర్సీ బ్లూబెర్రీ రైతులు కలిసి సహకార సంఘం పెట్టుకోవడంలోనూ ఆమె చెయ్యి ఉంది. ఒక్కొక్కరు విడిగా అమ్మితే బేరగాడు రాజు, కలిసి అమ్మితే రైతు రాజు. ఈ లెక్క ఎక్కడైనా ఒకటే.

ఇంతవరకు కథ బాగుంది. కానీ వైట్స్‌బాగ్‌కు ఇంకో వైపు కూడా ఉంది. దాన్ని వదిలేసి వస్తే ఊరు సగమే చూసినట్టు.

1910 సెప్టెంబర్‌లో లూయిస్ హైన్ అనే ఫొటోగ్రాఫర్ ఇక్కడికి వచ్చాడు. బాల కార్మికుల మీద పోరాడే జాతీయ కమిటీ తరఫున తిరుగుతూ ఫొటోలు తీసేవాడు. ఫిలడెల్ఫియా నుంచి క్రాన్‌బెర్రీ కోతకు వచ్చిన ఇటాలియన్ వలస కుటుంబాలు ఆ ఫొటోల్లో ఉన్నాయి. బడి మొదలైన నెలలో, తల్లుల పక్కన మోకాళ్ల మీద కూర్చుని పండ్లు కోస్తున్న పిల్లలు. తమ నిండా పండ్ల పెట్టెలు మోస్తున్న పదేళ్ల ఆడపిల్లలు. ఆ ఫొటోలు ఇప్పుడు అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి, ఫోన్‌లోనే చూడొచ్చు. ఎలిజబెత్ ఆ పిల్లల పక్షాన నిలబడలేదు. తోటల పక్షాన నిలబడింది. కమిటీ చెప్పేదాంట్లో అతిశయోక్తి ఉందని ఏళ్ల తరబడి వాదించింది.

పొదను వెతికిన మగవాళ్ల పేర్లు రకాల మీద నిలిచాయి. పండు కోసిన ఆ తల్లుల పేర్లు ఏ రకానికీ లేవు. ఎలిజబెత్ పయనీరే, అనుమానం లేదు. కానీ ఆమెకు తండ్రి తోట ఉంది, తండ్రి 'సరే' ఉంది. ఆ రెండూ లేని ఆడవాళ్లకు ఎంత తెలివి ఉందో కొలిచే రేకు ఆ రోజుల్లో ఎవరూ చేయలేదు.

చెట్టు కింద కూర్చుని పులిహోర తింటూ ఆ ఫొటోలు అమ్మకు ఫోన్‌లో చూపించాను. చాలాసేపు చూసింది. "నిన్ను గూడ గిట్లనే తీస్కపోయేదాన్ని తోటకు. నువ్వు నీడకు కూసుండేదానివి" అంది. తర్వాత ఇంకేం మాట్లాడలేదు.

రైతు అంటే ఎవరు?

ఎలిజబెత్ ఇంటి పేరు సునింగివ్. 1923లో బాడవ గట్టు మీదే కట్టించుకుంది. ఎదురుగా నీళ్లు, పక్కన బ్లూబెర్రీ పొదలు. 1954లో చనిపోయేదాకా అక్కడే ఉంది. అమెరికన్ క్రాన్‌బెర్రీ సంఘంలో తొలి మహిళా సభ్యురాలు ఆమే. ఆమె పోయాక 'ఎలిజబెత్' అనే పేరుతో కూడా ఒక బ్లూబెర్రీ రకం వచ్చింది. ఆ ఇంటి ముందు నిలబడి అమ్మ అడిగిన మొదటి మాట ఇల్లు గురించి కాదు. "భూమి ఆమె పేరు మీదున్నదా?"

ఈ ప్రశ్న మా ఇంట్లో చాలా ఏళ్లుగా ఉంది. బత్తాయి చెట్టు పూతకు రావాలంటే నీళ్లు ఎప్పుడు ఆపాలో, మళ్లీ ఎప్పుడు వదలాలో చూసేది అమ్మ. ఆకు పసుపు తిరిగితే ఏం తక్కువైందో చెప్పేది అమ్మ. కూలీలను పిలిచేది, మోటారు కాలిపోతే మెకానిక్ వెంటపడేది అమ్మ. ఒకసారి సర్వేకు వచ్చిన ఒకాయన గేటు దగ్గర నిలబడి "రైతెక్కడమ్మా?" అని అడిగాడు. "నేనే సారూ" అంది అమ్మ. "అట్ల కాదు, మీ ఇంటాయన్ని పిలువు" అన్నాడు. ఆయన తప్పేం కాదు, కాగితం అదే చెబుతోంది. నాలుగెకరాలూ నాయిన పేరు మీదే ఉన్నాయి.

ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో సాగు కమతాలు ఆడవాళ్ల పేరు మీద ఉన్నవి దాదాపు 14 శాతమే. పొలంలో కనిపించే చేతులను లెక్కపెడితే ఈ అంకె ఎవరూ నమ్మరు. పేరుదేముంది అనుకోవద్దు. 2018లో తెలంగాణలో రైతుబంధు వచ్చినా, 5 లక్షల రైతుబీమా వచ్చినా అన్నీ పట్టాదారు పాస్‌బుక్‌లో పేరున్న మనిషికే. బ్యాంకులో పంట లోన్ అడిగినా మొదట చూసేది ఆ పుస్తకమే. పేరు లేని రైతుకు కష్టం ఉంటుంది, ఖాతా ఉండదు.

వెళ్లాలనుకుంటే

న్యూజెర్సీ, ఫిలడెల్ఫియా చుట్టుపక్కల ఉన్నవాళ్లకు వైట్స్‌బాగ్ ఒక్క రోజు ట్రిప్. బ్రౌన్స్ మిల్స్ అనే ఊరికి దగ్గర, బ్రెండన్ బర్న్ స్టేట్ ఫారెస్ట్‌లో ఉంది. తోటను ప్రభుత్వం కొన్నాక ఒక ట్రస్టు ఆ పాత ఊరిని చూసుకుంటోంది. బ్లూబెర్రీ చూడాలంటే జూన్ మూడో వారం నుంచి జులై చివరిదాకా మంచి టైం, జూన్‌లో బ్లూబెర్రీ ఉత్సవం కూడా చేస్తారు. క్రాన్‌బెర్రీ ఎరుపు చూడాలంటే అక్టోబర్. చలికాలంలో ఉత్తరం నుంచి హంసలు దిగుతాయి. ఇసుక దారుల్లో కారు జాగ్రత్త, చిన్న కార్లు దిగబడతాయి. గోమార్లు ఎక్కువ, నిండుగా ప్యాంటు, సాక్సులు వేసుకోండి. ఫోన్ సిగ్నల్ అక్కడక్కడా పోతుంది, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.

పండ్లు మనమే కోసుకునే తోటలు ఆ చుట్టుపక్కల చాలా ఉన్నాయి. తిరుగు ప్రయాణంలో అలాంటి ఒక తోటలో ఆగాం. బకెట్ ఇచ్చి లోపలికి వదిలారు. అమ్మ పదిహేను నిమిషాల్లో బకెట్ నింపేసింది. నాది సగం కూడా కాలేదు. తూకం వేసే అమ్మాయిని ఇదేం రకం అని అడగమంది. "బ్లూక్రాప్" అని చెప్పింది. రూబ్ లీక్ గారి ముని మునిమనవడే అని చెబితే అమ్మ నవ్వింది.

ఆ రాత్రి నాయినకు వీడియో కాల్ చేసింది. అక్కడ పొద్దున, ఆయన తోటలో ఉన్నాడు. బాయికాడి చెట్టును చూపించమంది. కాయలు చూసింది. తర్వాత మామూలుగా, ఉప్పు తెమ్మన్నంత మామూలుగా చెప్పింది. "నేనొచ్చినంక పాస్‌బుక్ల రెండెకరాలు నా పేరు మీదికి మార్పించాలె."

నాయిన కాసేపు ఆగాడు. "అమెరికా నీళ్లు మంచిగనే పడ్డయి నీకు" అన్నాడు.

"నీళ్లు కాదు, ఇసుక" అంది అమ్మ.

అమ్మ ఆగస్టులో ఊరికి వెళ్లింది. ఆఫీసులో కాగితాలు ఇచ్చారు, స్లాట్ కూడా బుక్ చేశారు. పుస్తకం ఇంకా రాలేదు. వారం వారం ఫోన్‌లో నేను అడిగే మొదటి ప్రశ్న ఇప్పుడు అదే. అమ్మ మాత్రం ముందు పూత గురించి చెబుతుంది, తర్వాత పుస్తకం గురించి.